తువ్వాలు లేచిన చోటు

“దిగరా యెహెజ్కేలూ! స్తంభం దిగు! నువ్వు కట్టిన హారన్ పలకదు, నువ్వు పట్టిన పని నిలవదు!”

కేక నిడదవోలు కాలవగట్టు వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయింది. కిళ్ళీకొట్టు దగ్గర సోడా తాగుతున్న మనిషి గ్లాసు దించలేదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగుతున్నవాళ్ళు చెయ్యి ఆపలేదు. కూరగాయల బండి సూరమ్మ మాత్రం తక్కెడ పట్టుకునే ఒక్క క్షణం చెవి ఒగ్గి, “ఇవాళ ఆయన వంతెన దాకా వెళ్ళినట్టున్నాడండి,” అని మళ్ళీ బెండకాయలు తూచింది.

యెహెజ్కేలు ఏ స్తంభమూ ఎక్కలేదు. తన ఇంటి వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కేక అతని నోట్లోంచి రాదు, ఎడమ భుజానికి జానెడు పైనుంచి వస్తుంది. బొంగురు గొంతు. అరవై దాటిన మగమనిషి గొంతు. ఎవరిదో ఎవరికీ తెలీదు. ఇలాంటి గొంతులు జబ్బుమనిషికి ఒక్కడికే వినపడతాయట మామూలుగా. ఇతనిది మాత్రం వీధి మొత్తానికి వినపడేది. మైకుసెట్టు వాడి జబ్బు కదా, అలాగే ఉంటుంది లెమ్మని వీధి సరిపెట్టుకుంది. పైగా వయసులో పెద్దవాడి గొంతు కాబట్టి మర్యాదగా ‘ఆయన’ అనేవారు. మనవైపు మర్యాద అంటే అంతేగా మరి, తిట్టేవాడికైనా తక్కువ చెయ్యం.

ఆ గొంతు రాకముందు యెహెజ్కేలు అంటే ఏమనుకున్నారు! ‘సంపూర్ణ సౌండ్స్’. తల్లి సంపూర్ణమ్మ పేరు పెట్టుకున్నాడు. తణుకు నుంచి కొవ్వూరు దాకా పెళ్ళయినా, సువార్త సభలైనా, అమ్మవారి జాతరయినా అతని హారన్లే కట్టాలి. షామియానాలూ కుర్చీలూ సప్లై చేసే పల్లంరాజుతో జోడీ. రాజుగారి పందిరి, యెహెజ్కేలు మైకు. ఒకళ్ళని పిలిస్తే ఇద్దరూ వచ్చేవారు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతుండేది. హారన్ కట్టాక యెహెజ్కేలు మైకు ముందు కూచుని ఏదో ఒకటి చదివేవాడు. ఒక్కోసారి బైబిలు వాక్యం, ఒక్కోసారి రైళ్ళ టైములు. పల్లంరాజు భుజం మీద తువ్వాలుతో రోడ్డమ్మట నడుచుకుంటూ పోయేవాడు. ఎక్కడ మాట తెలియకుండా పోతుందో అక్కడ ఆగి తువ్వాలు పైకెత్తేవాడు. మోత వినపడితే చాలదు, మాట తెలియాలి. అది యెహెజ్కేలు పెట్టిన షరతు. తువ్వాలు లేచిన చోటే ఆ హారన్‌కి హద్దు.

“మీటర్లు కొనుక్కోవచ్చు కదోయ్,” అని ఎవరైనా అంటే, “మా మీటరు పంచె కట్టుకుని నడుస్తుందండి,” అని నవ్వేవాడు.

అలాంటివాడు రెండేళ్ళుగా మంచానికి అంటుకుపోయాడు. ఆ గొంతు ఆయన మొదట్లో గుమ్మం దాకానే వచ్చేవాడు. తర్వాత కిళ్ళీకొట్టు, తర్వాత ఐసు ఫ్యాక్టరీ, ఆ తర్వాత లూథరన్ చర్చి. మొన్న క్రిస్మస్‌కి వీధి చివర కాలవ వంతెన దాటాడు. అదే వారంలో యెహెజ్కేలు కూతుర్ని, ఐదేళ్ళ కెజియాని, పేరు పెట్టి పిలవడం మొదలెట్టాడు. “మీ నాన్న పనికిరాడే కెజియా,” అనేవాడు. పిల్ల చెవుల్లో వేళ్ళు పెట్టుకుని అన్నం తినేది. వేళ్ళు చెవుల్లో ఉంటే ముద్ద ఎవరు పెట్టుకుంటారు? తల్లి పెట్టాలి.

యెహెజ్కేలు భార్య వినీల పిల్లని తీసుకుని జంగారెడ్డిగూడెం పుట్టింటికి బయల్దేరింది. పోట్లాడి వెళ్ళలేదు. మంచం పక్కన కూచుని, మొగుడి చెయ్యి పట్టుకుని చెప్పి మరీ వెళ్ళింది.

“ఆయన మన గుమ్మం దాటని రోజున కబురు చెయ్యండి. ఆ రోజే బస్సెక్కుతాను. అబద్ధం కబురు మాత్రం పంపొద్దండి. పిల్లని మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళడం నా వల్ల కాదు.”

ఆ మాట పట్టుకునే పల్లంరాజు యెహెజ్కేలుని రాజమండ్రిలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. సంపూర్ణమ్మ కూడా చెప్పులు తొడుక్కుంది.

డాక్టర్ హైమ చిన్న వయసు మనిషి. బయట బెంచీల నిండా జనం. యెహెజ్కేలు కుర్చీలో కూచున్నాడో లేదో, “వీడికి మందులు దండగ మేడమ్!” అని ఆయన అందుకున్నాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆవిడ తల ఎత్తి అతని భుజం పైకి చూసి, “మీరు కాస్త ఆగండి. ముందు ఈయన్ని చెప్పనివ్వండి,” అంది. ఆయన నిజంగానే కాసేపు ఆగాడు. బయటికొచ్చాక పల్లంరాజు పదే పదే చెప్పుకున్న సంగతి అదే.

తర్వాత ఒక కాగితం తీసి ప్రశ్నలు అడిగింది. నిద్ర, దిగులు, భయం, అనుమానం, ఆ గొంతు, ఇలా పద్దెనిమిది. ఒక్కో బాధ ఎంతుందో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేసింది. అన్నీ కూడింది. మందులు రాసింది.

సంపూర్ణమ్మ ఉండబట్టలేక అడిగింది. “ఎన్నొచ్చాయమ్మా?”

“యాభై ఎనిమిదమ్మా.”

“నూటికేనా?”

“నూట ఇరవై ఆరుకి. మందు వాడాక మళ్ళీ వేస్తాం. ఈ అంకె ఎలా మారుతుందో చూసే మందు సంగతి తేల్చుకోవాలి,” అని, గుమ్మంలో నిలబడ్డ ఇంకో పేషెంటుని లోపలికి రమ్మంది.

రైల్లో సంపూర్ణమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ కూచుంది. కొవ్వూరు దాటాక, “సగం కూడా రాలేదు,” అంది.

ఏం చేస్తుంది మరి? ఆ రోజులు అలాంటివి. వీధిలో ఏ ఇంట్లో చూసినా ఎంసెట్ ర్యాంకులూ, కోచింగులూ. పేపర్లో ఫోటో పడితే లామినేషన్ చేయించి గోడకి కొట్టేవారు. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళకన్నా ముందు మార్కులు చెప్పేవారు. సంపూర్ణమ్మకి రెండేళ్ళుగా చెప్పుకోడానికి ఏమీ లేదు. ఇప్పుడు కొడుక్కి మార్కులు వచ్చాయి, అవి కాస్త తక్కువ వచ్చాయి. అంతే ఆవిడ లెక్క.

“ఒరేయ్ నాన్నా, ఈసారి డాక్టరమ్మ అడిగినప్పుడు నసుగుతూ చెప్పకు. నిద్ర ఎలా ఉందంటే అస్సలు లేదను. భయమంటే చచ్చేంత అను. ఏడుకి ఏడూ వెయ్యాలి ఆవిడ.”

యెహెజ్కేలు తలూపాడు. మందు మొదలెట్టిన కొద్దివారాలకే నిద్ర పట్టసాగింది. ఆయన కూడా వెనక్కి వస్తున్నాడు. చర్చి దగ్గర వినపడ్డం లేదని పాస్టరుగారు అన్నారు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు, “ఏంటండీ, మీ ఆయన మావైపు రావడమే మానేశాడు,” అని పలకరించారు. అయినా రెండోసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు యెహెజ్కేలు తల్లి చెప్పినట్టే చెప్పాడు. అరవై నాలుగు. సగం దాటింది.

సంపూర్ణమ్మ స్టేషన్‌లోనే జీళ్ళ పొట్లాలు కొంది. “మావాడికి సగం పైన వచ్చాయి సూరమ్మా,” అంటూ ఇంటింటికీ పంచింది. సూరమ్మకి ఏం అర్థమైందో గానీ జీడి చప్పరిస్తూ, “తెలివైనోడేనండి మొదట్నుంచీ,” అంది. రాత్రి అన్నం పెడుతూ సంపూర్ణమ్మ కొడుకు తల నిమిరింది. రెండేళ్ళలో అలా నిమరడం అదే మొదలు.

మూడోసారి డెబ్భై తొమ్మిది.

ఈసారి డాక్టర్ హైమ ముఖం మారింది. పాత కాగితాలు తీసి పక్కపక్కన పెట్టుకుంది. “మందు పనిచెయ్యడం లేదు. నెలనెలా పెరుగుతోంది,” అంది పల్లంరాజుతో. “ఇంక ఇంట్లో ఉంచి లాభం లేదండి. విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్పించి మందులన్నీ మార్చి చూడాలి. నెలలు పట్టొచ్చు.” కలం తీసి ఉత్తరం రాయడం మొదలెట్టింది.

పల్లంరాజుకి వినీల మాట గుర్తొచ్చింది. నెలలంటే వినీల రాదు. ఆవిడ నాన్న అప్పుడే అక్కడి బళ్ళో పిల్లని చేర్పిస్తానంటున్నాడు. యెహెజ్కేలు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

సంపూర్ణమ్మే కుర్చీలోంచి లేచింది. “ఏంటమ్మా ఇది? డెబ్భై తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి తీసుకెళ్ళి ఎక్కడో పడేస్తారా? తక్కువ వచ్చినప్పుడు ఇంటికి పంపారు కదా?”

కలం ఆగింది. డాక్టర్ హైమ ఆవిడ వంక చూసింది, తర్వాత యెహెజ్కేలు వంక చూసింది.

“అమ్మా, ఎక్కువ వస్తే మంచిదనుకున్నారా?”

“మార్కులు కదమ్మా.”

“బాధ ఎక్కువైతే అంకె ఎక్కువవుతుందమ్మా. తగ్గితేనే నయం. మొదటిరోజే నేను విడమరిచి చెప్పాల్సింది.” ఆవిడ కుర్చీ యెహెజ్కేలు వైపు జరుపుకుంది. “మరి మీకు తెలుసు కదండీ? మీరెందుకు పెంచి చెప్పారు?”

అతను తల్లి వైపు ఒకసారి చూశాడు. “జబ్బొచ్చాక మా అమ్మ నా గురించి బయట చెప్పుకున్నది ఆ మార్కులేనండి. జీళ్ళు కూడా పంచింది.”

సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. పల్లంరాజుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ పూర్తిగా రాలేదు.

“సరే. ఇప్పుడు నిజం చెప్పండి. ఆ గొంతు తగ్గిందా, లేదా?”

“నాకేం తెలుస్తుందండి,” అన్నాడు యెహెజ్కేలు. “హారన్ కింద కూచున్నవాడికి అది ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. అందుకే కదండీ, తువ్వాలిచ్చి మనిషిని పంపేది.”

డాక్టర్ హైమ ఆ తువ్వాలు సంగతేంటో మొదట్నుంచీ చెప్పించుకుంది. విన్నంతసేపూ కలం తిప్పుతూనే ఉంది. అయ్యాక సగం రాసిన ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. “నేను అడిగేది లోపలి సంగతి. మీ తువ్వాలు చెప్పేది బయటి సంగతి. రెండూ ఒక దారిలో నడవాలి. ఆదివారం నేనే వస్తాను. విన్నాకే ఈ ఉత్తరం పూర్తి చెయ్యాలో చింపాలో చూద్దాం.”

పల్లంరాజు స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూతులోకి దూరి జంగారెడ్డిగూడెం ఫోను చేశాడు. “కబురు కాదమ్మా వినీలా, కబురనుకోవద్దు. ఆదివారం కొలత ఉంది. వచ్చి మీ చెవుల్తో మీరే వినండి.”

ఆదివారం చర్చి వదిలే వేళకి డాక్టర్ హైమ పాసింజరు దిగి గొడుగు వేసుకుని వచ్చింది. వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. సూరమ్మ బండి గోడకి చేర్చింది. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు మోటారు కట్టేశారు. కిళ్ళీకొట్టు రేడియో గొంతు నొక్కారు. సంపూర్ణమ్మ లోపల మామిడికాయ రొయ్యలు పొయ్యిమీద పెట్టి, కలపడానికి వెళ్ళడం, గుమ్మంలోకి రావడం, ఇదే పని.

యెహెజ్కేలు వసారాలో స్టూలు మీద కూచున్నాడు. డాక్టర్ హైమ అతని పక్కన. ముందు కాగితం మళ్ళీ తీసింది. ఈసారి తల్లి వైపు చూడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నలభై ఒకటి.

“ఇక కానివ్వండి రాజుగారూ,” అంది.

పల్లంరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డాడు. “నువ్వు కట్టిన హారన్ పలకదు,” అన్నాడు ఆయన, ఎడమ భుజం పైనుంచి. ఆ మాట పల్లంరాజుకి స్పష్టంగా తెలిసింది. గుమ్మం దాటి ఒక అడుగు వేశాడు. ఇంకా తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. యెహెజ్కేలు ముఖం చూశాడు, లోపల సంపూర్ణమ్మ చేతిలో ఆగిపోయిన గరిటె చూశాడు. వినీల పెట్టిన హద్దు గుమ్మమే. వీధికి ఒక్క అడుగు ఇవతలా అవతలా ఎవరు చూడొచ్చారు? తువ్వాలు తీసి గబుక్కున పైకెత్తేశాడు.

“రాజుగారూ! తువ్వాలు దించండి!”

వీధి ఉలిక్కిపడింది. రెండేళ్ళుగా రోజూ కేకలకి అలవాటుపడ్డ వీధి, ఈ కేకకి ఉలిక్కిపడింది. ఇది ఆయనది కాదు. యెహెజ్కేలుది. స్టూలు మీంచి లేచి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి, సొంత నోటితో అరిచాడు.

“మాట పోయాక ఎత్తాలండి, నా మొహం చూసి ఎత్తకూడదు! మార్కుల్లో ఇప్పటికే దొంగలెక్క చెప్పాం. హద్దులో కూడా చెప్తే ఇంక మన సెట్టు ఎవడు నమ్ముతాడు?”

పల్లంరాజు తువ్వాలు దించాడు. సిగ్గుపడలేదు. పాత పార్టనరు పాత దబాయింపు విని అతని మీసాలు నవ్వాయి. “చిత్తం,” అని మళ్ళీ గుమ్మంలోంచి మొదలెట్టాడు. మెట్లు దిగాడు. తులసిమొక్కల్లా గుబురుగా పెరిగిన రుద్రజడ దాటాడు. ఇంటి గేటు దగ్గర ఆగాడు. తెలుస్తోంది. గేటు తీసుకుని రోడ్డు మీద అడుగు పెట్టాడు. ఆగాడు. చెవి ఒగ్గాడు. అప్పుడు, తాపీగా, మోచెయ్యి నిటారుగా, తువ్వాలు ఎత్తాడు.

“గేటు దగ్గర!” అని కిళ్ళీకొట్టు కేక వేసింది. “గేటే!” అంది ఐసు ఫ్యాక్టరీ. వంతెన మీదుండేవాడు గేటు దాకా వచ్చాడు. వీధి మొత్తం తనే తోసుకొచ్చినట్టు రొమ్ము విరుచుకుంది.

డాక్టర్ హైమ నలభై ఒకటి పక్కన ‘గేటు’ అని రాసింది. సంచిలోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసింది. “మందు పనిచేస్తోంది. ఇదే మందు, ఇదే ఇల్లు,” అంది.

“విన్నావా సూరమ్మా,” సంపూర్ణమ్మ గరిటెతో సహా వసారాలోకి వచ్చేసింది. “మావాడికి మొదటిసారి మీద పదిహేడు తగ్గాయి.”

“మరి జీళ్ళో?” అంది సూరమ్మ.

“ఆ జీళ్ళు పెట్టే ఇంతదాకా తెచ్చాను. ఈసారి అన్నమే.”

అప్పుడు చూశారు అందరూ. వంతెన వైపు నుంచి వినీల నడిచి వస్తోంది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో కెజియా వేలు. పిల్ల రెండో చేత్తో ఒక చెవి మూసుకునే ఉంది. వినీల వంతెన దగ్గర రిక్షా దిగింది, అక్కణ్ణించి వింటూ నడుస్తోంది. చర్చి దగ్గర ఆగింది. ఏమీ లేదు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. కిళ్ళీకొట్టు దగ్గర ఆగింది. ఎవరూ పలకరించలేదు, దారి ఇచ్చారంతే. గేటు దగ్గర, తువ్వాలు లేచిన చోట, పల్లంరాజు పక్కన ఆగింది.

గేటు మీద చెయ్యి వేసి ముందుకి వంగింది. “పలకదు... నిలవదు...” అని లోపల్నుంచి సన్నగా వచ్చింది.

యెహెజ్కేలు మెట్ల మీదికి వచ్చాడు. “గేటు దాకా వస్తున్నాడు వినీలా. గుమ్మం దాటుతున్నాడు. నువ్వు చెప్పినంత తగ్గలేదు.” ఒక మెట్టు దిగి, “ఎండ తగ్గాక సాయంత్రం బస్సుంది. పిల్ల మొహం చూసుకుంటాను, తీసుకెళ్ళు,” అన్నాడు.

వినీల కొంగుతో మొహం తుడుచుకుంది.

“నేను రిక్షా దిగేటప్పుడు ఒక కేక వినపడిందండి. తువ్వాలు దించండి అని. ఎవరిదది?”

“నాదే.”

“మాట మాటా తెలిసింది నాకు, అక్కడికి.” వంతెన వైపు చెయ్యి చూపింది. “మీరు వంతెన దాకా వచ్చారు. ఆయన గేటు దాకానే వచ్చాడు.”

గేటు తోసుకుని లోపలికి వచ్చేసింది.

వసారాలో పల్లంరాజు షామియానా పట్టాలే పరిచారు. విస్తళ్ళు వేశారు. డాక్టరమ్మకి కుర్చీ తెస్తామంటే ఆవిడ చెప్పులు విడిచి పట్టా మీదే కూచుంది. పల్లంరాజు వరస మొదట్లో, సూరమ్మ చివర్లో. యెహెజ్కేలుకి కుడివైపు వినీల, ఎడమవైపు కెజియా. వేడన్నం మీద మామిడికాయ రొయ్యల పులుసు పడింది.

కెజియా అన్నంలో చెయ్యి పెట్టబోయి ఆగింది. చెవి మీది రెండో చెయ్యి కూడా తీసేసింది. మోకాళ్ళ మీద లేచి నాన్న ఎడమ భుజానికి చెవి ఆనించి, కళ్ళు చికిలించుకుని వింది. అందరి ముద్దలూ విస్తళ్ళలోనే ఆగాయి.

“ఏమంటున్నాడే?” అన్నాడు యెహెజ్కేలు.

“ఏదో అంటున్నాడు నాన్నా. మాట తెలీడం లేదు.”

అని చెప్పి, పల్లంరాజు భుజం మీంచి జారిన తువ్వాలు లాక్కుని, చెయ్యి ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తింది.

“చూశారా డాక్టరమ్మా, నా మనవరాలు,” అంది సంపూర్ణమ్మ. అందరూ తిన్నాక గాని ఏనాడూ కూచోని ఆ మనిషి, గిన్నె అక్కడే దించి, విస్తరి ఒకటి తనకే వేసుకుని, కోడలి పక్కన చతికిలబడింది.

“ఇంక తినండి,” అంది.